మిద్దె మీద రెండు దగ్గులు

మిద్దె మీద మా ఆయన దగ్గు వినిపించినప్పుడు నా చేతులు పిండిలో ఉన్నాయి. పొడిగా రెండు దగ్గులు, మధ్యలో చిన్న విరామం. యాకుత్‌పురా స్టేషన్‌లో నాలుగుంపావు ప్యాసింజరు అప్పుడే కూత వేసింది. ఆ వేళకు ఆయన ఆసుపత్రిలో ఉండాలి. పక్కన ఆడుకుంటున్న మా అమ్మాయి రాణి కోసం చూశాను. లేదు.

దెయ్యాల మాటలు చెప్పేవాళ్ళను చూసి నవ్వేదాన్ని నేను. బీయస్సీలో జంతుశాస్త్రం చదివాను. చచ్చిన కప్ప కండరానికి కరెంటు తగిలిస్తే కాలు ఎగరడం నా కళ్ళతో చూశాను. ఏ కదలికకైనా కారణం ఉంటుందని అప్పటినుంచీ నా నమ్మకం.

ఆ దగ్గు సంగతి చెప్పాలి. ఏడాది క్రితం స్కూటరు జారి పడి మా ఆయన కుడి భుజం దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. మోచెయ్యి వంగేది కాదు. వేళ్ళు కదిలేవి గానీ చెంచా కూడా నిలిచేది కాదు. చివరికి డాక్టర్లు వీపులోని ఒక కండరాన్ని దాని నరంతో సహా తిప్పి తెచ్చి చేతికి కుట్టారు. మనిషి దగ్గితే ఆ కండరం బిగుసుకుంటుందట. అందుకని దగ్గుతూ మోచెయ్యి వంచడం నేర్చుకోమన్నారు. వేళ్ళకు మాత్రం బలం రాదని ముందే చెప్పారు.

రోజూ మిద్దె మీద ఆయన రెండుసార్లు దగ్గేవారు. మా పిల్లలిద్దరూ, ఏడేళ్ళ చందు, నాలుగేళ్ళ రాణి, ఊపిరి బిగబట్టి చెయ్యి వైపు చూసేవాళ్ళు. మూడు నెలలైనా అది వంగలేదు.

పిండి చేతులతోనే పరుగెత్తాను. మా ఇంటి యజమానురాలు ఖాలా మెట్ల దగ్గర బియ్యం ఏరుతోంది.

"ఏంది బేటీ, గట్ల ఉరుకుతున్నవ్? సాబ్ ఎప్పుడొచ్చిండు? దగ్గు ఇనబడ్డది, మనిషిని నేను చూడనే లేదు," అంది.

పైన రాణి తప్ప ఎవరూ లేరు. తెగిన పతంగి కోసం పిట్టగోడ ఎక్కి, నడుము దాకా అవతలికి వాలిపోయింది. కాళ్ళు గాలిలో ఉన్నాయి. కింద బండలు పరిచిన గల్లీ. అయినా పిల్ల పడటం లేదు. వీపు మీద గౌను ముద్దగా బిగుసుకుని వెనక్కి లాగి ఉంది, ఎవరో గుప్పిట పట్టినట్టు. అక్కడ ఏ చెయ్యీ లేదు. నేను నడుము పట్టుకున్నాకే ఆ బట్ట వదులైంది. రెండు హుక్కులు ఊడి నా కాళ్ళ దగ్గర పడ్డాయి.

"బాపు పట్టుకున్నడు," అంది రాణి. ఏడవను కూడా ఏడవలేదు.

చీకటి పడకముందే ఆయన రిక్షా దిగారు. ముఖం వెలిగిపోతోంది.

"వంగింది," అన్నారు గుమ్మంలోనే. "నాలుగుంపావుకు. ఎప్పటి లెక్కనే రెండుసార్లు దగ్గిన, వంగింది. కసరత్తు చేయించే ఆమె టైం గూడ రాసుకున్నది. గాని గుప్పిట మూసుకపోయింది. ఇద్దరు గుంజినా ఏళ్ళు రాలే. నిండు బిందె ఏలాడేసినట్టు బరువు."

అరచేతిలో నాలుగు గోళ్ళ గాట్లు చూపించారు. నేను అప్పటికింకా రాణి సంగతి చెప్పలేదు. చెప్పాక ఆయన ఆ గౌనును ఎడమ చేత్తో తీసుకుని, వీపు మీది ముడతలను కుడి అరచేతిలోని గాట్లకు ఆనించి చూశారు.

మోచెయ్యి ఇప్పుడు వంగుతోంది. వేళ్ళు మాత్రం మళ్ళీ చెంచా కూడా పట్టలేదు. అంత గట్టిగా గుప్పిట బిగించే శక్తి ఆ చేతికి లేదని డాక్టరు అన్నారు. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. కారణం నాకింకా దొరకలేదు.

అది జరిగిన మర్నాడు పొద్దున రాణి చందుతో గొప్పలు పోయింది. "నేను పడ్తనా? బాపు పట్టుకుంటడు."

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"బాపు చెయ్యి ఒక్కసారే పట్టుకున్నది. మళ్ళ పట్టుకోదు," అని చెప్పాను. "గోడ దిక్కు పోవద్దు."