రోబో కళ్ళకు కాటుక

ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ప్రాజెక్టుగా నేను నేల మీది గీత వెంట నడిచే రోబో చేశాను. అరచేతికన్నా కాస్త పెద్దది. భవానీపురంలో నేనుండే అద్దె గదిలో తెల్ల టైల్స్ మీద నల్ల టేపు అంటించి, సెలవు రోజుల మధ్యాహ్నాలు దాన్ని నడిపిస్తూ కూర్చునేదాన్ని. కిటికీలోంచి కృష్ణా నది మీది గాలి వచ్చేది. పామర్రు బస్సు కాలువ పక్కనే వంపులు తిరుగుతూ పోయినట్టు అది టేపు వెంట మెల్లగా పోయేది. చూస్తూ చూస్తూ నాకు నిద్ర పట్టేసేది. లేచేసరికి అది ఇంకా తిరుగుతూనే ఉండేది.

పోటీ ముందురోజు అమ్మ పామర్రు నుంచి వచ్చింది. దాని సంగతంతా చెప్పాను. అడుగున రెండు సెన్సర్లు, టేపుకు చెరోవైపు. అవి కంటికి కనిపించని వెలుతురును నేల మీదికి పంపుతాయి. తెల్ల నేల దాన్ని తిప్పి పంపుతుంది, నలుపు మింగేస్తుంది. ఎడమదానికి నలుపు తగిలితే ఎడమకు తిరగాలి, కుడిదానికి తగిలితే కుడికి. రెండింటికీ ఒకేసారి తగిలితే చివరి అడ్డగీత వచ్చేసిందని ఆగిపోవాలి. అమ్మ తెల్లమొహం వేసింది. అవి దాని కళ్ళమ్మా అని తేల్చేశాను. అమ్మ దాన్ని తిరగేసి చాలాసేపు చూసింది.

మా కాలేజీ మైలవరం దగ్గర. గోడౌన్లలో పెట్టెలు మోసే రోబోలు చేసే కంపెనీ వాళ్ళు పోటీకి వచ్చారు. గెలిచినవాళ్ళకు ఉద్యోగం. అంతకుముందెప్పుడూ నేను దేన్నీ అంత గట్టిగా కోరుకోలేదు. ఒక్కొక్కరికి రెండే అవకాశాలు.

మొదటిసారి స్విచ్ వేశాను. లైటు వెలిగింది, రోబో మాత్రం కదల్లేదు. బ్యాటరీ చూశాను, వైర్లు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. తిరగేస్తే రెండు సెన్సర్లకూ నల్లగా, జిడ్డుగా కాటుక. పాపం, నా రోబో బయల్దేరకుండానే చేరిపోయాననుకుంది.

వెనక వరుసలోంచి అమ్మ లేచి వచ్చింది. పొద్దున నేను స్నానానికి వెళ్ళినప్పుడు తనే పెట్టిందట.

"అంతమంది చూస్తారు గదా, దిష్టి తగులుద్దని పెట్టా. కళ్ళని నువ్వే అన్నావు గదే."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీకేం తెలుసని ముట్టుకున్నావమ్మా?" అని జడ్జీల ముందే అరిచేశాను. అమ్మ కొంగుతో తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. రుమాలు మీద శానిటైజరు చుక్క వేసి నేనే తుడుచుకున్నాను.

రెండోసారి అది ఏ తొందరా లేకుండా వెళ్ళింది, ఒక వంపు తర్వాత ఒక వంపు. హాలంతా నిశ్శబ్దం, చక్రాల సన్నని రొద. కాసేపు నేనెక్కడున్నానో కూడా తెలియలేదు. అడ్డగీత మీద ఆగింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అమ్మే. నేను మాత్రం జడ్జీల వైపు చూశాను.

ఉద్యోగం వచ్చింది. ఈమధ్య అమ్మను మా రోబోలు పనిచేసే గోడౌన్ చూపించడానికి తీసుకెళ్ళాను. పెట్టె మోసుకుంటూ ఒక రోబో వచ్చి సరిగ్గా అమ్మ ముందే ఆగింది. ముట్టుకుని చూడమ్మా, ఏం కాదు అన్నాను. అమ్మ నవ్వి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.

"వద్దులే తల్లీ. ఏదన్నా అయితే నీ ఉద్యోగం పోద్ది."