నైరుతి మూల గిన్నె

మా అత్తగారు పోయారు. రోజూ అందరికన్నా ముందు లేచి, పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూసే మనిషి ఆ ఉదయం లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. వినగలిగితే ఆవిడ ఆ మాటా నమ్మేవారు కాదు. "నీకెలా తెల్సు బాబూ, నువ్వు సూసావేటి?" అని అడిగేవారు.

మాది సబ్బవరం దగ్గర కొత్త కాలనీ. నేను గోదావరి జిల్లా నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆవిడ అనుమానాలు చూస్తే ఒళ్ళు మండేది. ఫిషింగ్ హార్బర్‌లో చేప మొప్ప ఎత్తి చూడటం అందరూ చేసే పనే. ఆవిడ ఒకటి ఎత్తి, పక్క బుట్టలోదీ ఎత్తి, మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చి వాసన చూసేవారు. "నవ్వుతా అమ్మినోడి సరుకు రెండుసార్లు తిరగెయ్యాల," అనేవారు. ఆ మాట తరవాత నాకు చీరల కొట్లోనూ, పెళ్ళి సంబంధాల దగ్గరా కూడా పనికొచ్చింది.

మా ఆయన పోర్టులో సరుకు రవాణా చూసే ఆఫీసులో మేనేజరు. కిందటేడు ఆయన గుండెకు స్టెంట్ వేశారు. పరుగులు వద్దు, మనసు తేలిగ్గా ఉంచుకోండి అన్నారు. అప్పుడప్పుడు ఆఫీసువాళ్ళతో గోల్ఫ్‌కి వెళ్ళిన మనిషి కాబట్టి, పెరట్లో ప్లాస్టిక్ పచ్చిక పరిపించుకుంటానన్నారు. దాని మీద నిలబడి బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వెయ్యాలి. పటింగ్ గ్రీన్ అంటారట.

పని మొదలైన రోజే అత్తగారు పెరటి గుమ్మంలో కుర్చీ వేయించుకున్నారు. మట్టి తవ్వి, కంకర పోసి, పైన రాతి పొడి పరిచి దిమ్మిస కొట్టారు. ఆవిడ లేచి వెళ్ళి దాని మీద చెంబుడు నీళ్ళు ఒంపారు. నీళ్ళు ఎటూ పోకుండా అక్కడే నిలబడ్డాయి. "ఇంటి నీరు ఈశాన్యానికే పారాల. మళ్ళీ సెయ్యండి," అన్నారు. మేస్త్రీ తల గోక్కుని మళ్ళీ చేశాడు. పచ్చిక చుట్ట విప్పితే గోరుతో గీకి, "ఆవు తిన్దు, మేక తిన్దు. ఇదేటి గడ్డి?" అన్నారు. పోచలు నిలబడాలని వాళ్ళు సన్నటి ఇసుక చల్లి చీపురుతో దువ్వుతుంటే, "గడ్డిలో కొడతన్నారా, మా కళ్ళల్లో కొడతన్నారా?" అని నిలదీశారు. మేస్త్రీ నవ్వాడు. ఇంకేముంది, ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకు జరిగింది.

అసలు చిక్కు ఆఖర్న వచ్చింది. పల్లంలో గుంట పెడితే వానకు నిండిపోతుంది కదా. వాలు ఈశాన్యానికి పెట్టించింది ఆవిడే. అంచేత గుంట మిట్టన, సరిగ్గా నైరుతి మూల పడింది. నైరుతిలో గొయ్యి ఇంటి యజమానికి చేటంటారు. ఆవిడ ముఖం మాడిపోయింది.

"పూడ్సీరా నాన్నా," అన్నారు కొడుకుతో.

"గ్లాసు పట్టేంత కన్నమమ్మా. దాన్నీ గొయ్యంటావేటి?" అని ఆయన నవ్వేశారు.

ఆ సాయంత్రం నుంచి ఆయన ఆట ముగించగానే ఆవిడ వెళ్ళి గుంట మీద ఓ ఇత్తడి గిన్నె బోర్లించేవారు. పొద్దున్నే దాని చుట్టూ తడిగుడ్డతో తుడిచేవారు. ఎందుకండీ అంటే, "ఆడినంతసేపే అది ఆట. ఆట ఆపీసాక గొయ్యే," అన్నారు.

కొన్నాళ్ళకు నన్ను పిలిచి, "మీ గది నాకిచ్చీ అమ్మాయ్," అన్నారు.

నైరుతి గది మాది. ఇంట్లో పెద్ద గది, ఏసీ ఉన్న గది అదొక్కటే. కిటికీ తెరిస్తే ఆ గిన్నె కనిపిస్తుంది.

"మీ గదికేమైంది అత్తయ్యగారూ?"

"మోకాళ్ళు."

మోకాళ్ళకీ గదికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆవిడ నేర్పిన విద్యే ఆవిడ మీద ప్రయోగించాను. పెత్తనం చేజారిపోతుందని ఆవిడకు భయం పట్టుకుందని మా అమ్మకు ఫోన్‌లో చెప్పుకున్నాను. గది ఇచ్చాం. ఆవిడ ఒక్కరోజు కూడా ఏసీ వెయ్యలేదు. మంచం మాత్రం పెరటి గోడకు ఆనించి వేయించుకున్నారు. ఏసీ వెయ్యని మనిషికి ఏసీ గది ఎందుకు? పైగా రోజూ పొద్దున్నే, "ఆడు బాగా పడుకున్నాడా?" అని నన్ను ఆరా తీసేవారు. మా కాపురం మీద నిఘా అనుకున్నాను.

ఆ గదిలోనే పోయారు. పరామర్శకు వచ్చినవాళ్ళు కిటికీలోంచి పెరట్లోకి తొంగిచూసి, "నైరుతిలో గొయ్యి తీస్తే మరేటవుద్ది," అని గుసగుసలాడారు. నాకు మండుకొచ్చింది. వంటింట్లో నా పక్కన కూర్చున్న అత్తగారి చెల్లెలితో, ఆనందపురం పిన్నిగారితో, వాళ్ళిలా అంటున్నారని చెప్పుకున్నాను.

పిన్నిగారు కళ్ళు తుడుచుకున్నారు. "మా అప్పకి తెల్దేటమ్మా? నాతో అంది. 'ఆడు నా మాటినడు, గొయ్యి పూడ్సడు. ఆ గదిలో యజమానై ఎవులు పడుకుంటే ఆల మీదకే వత్తాది. అసలే ఆడి గుండె బాగోనేదు. ఆ మంచం మీంచి ఆడ్ని లేపీసి నాను పడుకుంటాను. ఇంటికి పెద్దదాన్ని, వచ్చిందేటో నా కాడికే రావాల,' అంది."

అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. అప్పుడు ఆగలేదు.

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఆవిడ గుండె ఆగడానికి కారణం వయసే కానీ గుంట కాదు. కానీ ఆవిడ నమ్మారు. పాలవాణ్ణీ, మేస్త్రీనీ, నవ్వే ఏ మనిషినీ నమ్మని ఆవిడ ఆ ఒక్కదాన్నీ నమ్మి, తన కొడుకు మీదికి రావలసింది ఆ మంచానికే వస్తుందనుకుని, వెళ్ళి దాని మీద పడుకున్నారు. మోకాళ్ళ నొప్పని అబద్ధమాడారు. అంత ప్రేమ పక్క గదిలో ఉంటే నేను ఏసీ లెక్కలు వేసుకున్నాను.

పిన్నిగారి మాటలు గుమ్మంలో నిలబడి మా ఆయనా విన్నారు.

కార్యక్రమాలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయిన సాయంత్రం ఆయన గోల్ఫ్ కర్ర తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. నేను ఆ గది కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆఖరి సాయంత్రం ఆవిడ బోర్లించిన గిన్నె అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరం ముట్టుకోలేదు. ఆయన దాని దాకా వెళ్ళి, వంగి, ఎత్తకుండానే వెనక్కి వచ్చి బంతిని కొట్టారు. అది గిన్నెకు తగిలి ఖంగుమంది. ఆవిడ పట్టుబట్టి పెట్టించిన వాలు మీద మెల్లగా దొర్లుకుంటూ మళ్ళీ ఆయన కాళ్ళ దగ్గరికే వచ్చి ఆగింది.