బొటనవేలి మీద పాలమరక

నా పేరు గురుగుబిల్లి పైడమ్మ. వయసు డెబ్బయ్యో, డెబ్బయ్యయిదో. పుట్టిననాడు రాసిపెట్టినవాళ్ళు లేరు. యాంగోన్‌లో పజుండౌంగ్ కాలవ దగ్గర, మూడో అంతస్తులో మనవరాలితో ఉంటున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క మెత్తబరిచినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా వదిన, అంటే నా భర్తకి అక్క, పది రోజుల కిందట పొద్దున్న పోయింది. టీ గ్లాసు చేత్తో పట్టుకుని, కాస్త చల్లారనీ అని నాతో అని, కిటికీ పక్క కుర్చీలో అలాగే ఉండిపోయింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వీధి మాత్రం ఇంకోటి చెప్పింది. తన పుట్టగొడుగులే తిని పోయిందట. మోయడానికి నలుగురు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. రేపు కర్మ భోజనం. ఆవిడ గిన్నెల్లో వండింది ముట్టబోమని కొందరు కబురు కూడా పంపారు. అందుకే ఈ రాత. కోవెల గోడకి అంటించమన్నాను, నిలబడి చదవండి.

వదిన భర్త ఉత్తరాన మిచ్చినా ఊరి వైపు రైల్వేలో పనిచేసేవాడు. ఆయన పోయాక మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ తెచ్చుకున్నవి ఒక వంకర కత్తి, పాలపుట్టగొడుగుల్ని పోల్చుకునే విద్య. అక్కడి కొండల్లో ఉండే కచిన్ తెగ ముసలమ్మ వెనక ఎన్నో వానాకాలాలు అడవులు తిరిగి నేర్చుకుందట. ఏటా వానలు పడగానే ఆ ఊరి నుంచి రైల్లో బుట్టలు వచ్చేవి. వదిన గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటీ చూసి, సంచౌంగ్ బజారులో అమ్మేది.

ఒక్కసారి నన్నూ ఆ అడవికి తీసుకెళ్ళింది. కాళ్ళకి జలగలు పట్టి నేను తిట్టుకుంటూ నడిచాను. పెద్ద చెట్ల కింద, కుళ్ళిన ఆకుల్లో, ఇటుకరంగు గొడుగులు. నా కంటికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకటి పెరికి గొప్పగా చూపించాను.

“రంగు సూసి మురిసిపోకు పిల్లా. కొయ్యి. ఏటి కారతాదో సూడు,” అంది.

కోశాను. ఏమీ కారలేదు. పారేయమంది. తను కోసినదానికి కింది రేకుల్లోంచి తెల్లటి పాలు బొట్లు కట్టాయి. కాసేపాగితే ఆ పాలు గోధుమరంగుకి తిరగాలి. ముక్కు దగ్గర పెడితే ఎండుచేప గుర్తుకు రావాలి. నాలిక కొసకి రవ్వంత తగిలించి ఉమ్మేస్తే మంట పుట్టకూడదు. ఇన్నీ కుదిరినా ఆ కచిన్ ముసలమ్మ తల ఊపితేనే బుట్టలో వేసేది. పాలున్నవన్నీ తల్లులు కావు, అనేది మా వదిన.

ఇంటి దగ్గరా అంతే. కోయకముందు నీళ్ళు తగలకూడదు, గుడ్డతో మట్టి తుడవాలి. ప్రతి బుట్టలోంచీ పిడికెడు తానే వండుకు తిని, మర్నాటికి ఒంట్లో బాగుంటేనే అమ్మేది. కొనేవాళ్ళు గొడుగుని కొనరు, నా చేతిని కొంటారు, అనేది. వానాకాలమంతా ఆవిడ బొటనవేలు పాలమరకతో గోధుమరంగుగా ఉండేది. నోరుండగా వేలితో కిళ్ళీ నములుతావేమిటని పక్కింటి బర్మా అమ్మ డా ఖిన్ ఏడిపించేది.

రెండేళ్ళ కిందట వదిన జ్వరంతో పడుకుని ఉండగా బుట్ట వచ్చింది. నేను చూసుకుంటానన్నాను.

“ఒలే, నీళ్ళు తగలనీకు,” అని దుప్పట్లోంచే అంది.

నాకు ఆ వాసన పడలేదు. మా అమ్మ నేర్పిన చెయ్యి నాది. చేపకంపు కొడితే ఉప్పూ పసుపూ వేసి మూడు నీళ్ళు కడగకుండా ఉండలేదు. తొడిమలు తరిగి, చేపల్ని కడిగినట్టే కడిగాను. పాలు నీళ్ళలో పోయాయి, వాసన పోయింది, రేకులన్నీ పసుపుగా అయ్యాయి. మంచిదేదో చెడ్డదేదో తెలియకుండా పోయింది. ముందు తినాలని గుర్తుంది. బజారు వేళ దాటుతోందని తినకుండానే తీసుకెళ్ళి అమ్మేశాను.

సంచౌంగ్‌లో ఒకే ఇంట్లో ముగ్గురు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. బతికారు, అది వాళ్ళ పుణ్యం. ఆ ఇంటాయన మనుషుల్ని వెంటేసుకుని మా మెట్లెక్కాడు. ఎవరు ఏరారని అడిగాడు. ఈ వీధిలో నా నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ పూట ఆ నోరు పెగల్లేదు. వదిన మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చింది.

“నానే. నా బుట్ట, నా సెయ్యి.”

ఆయన తిట్టినంతసేపూ తల వంచుకు నిలబడింది. వాళ్ళు వెళ్ళాక, ఎందుకలా అన్నావని నేనే ఎదురు కసిరాను.

“బుట్ట ముందు నిన్ను కూకోబెట్టింది నానే కదేటి. నీకు సెప్పాలనిపించిననాడు నువ్వే సెప్పుకో. నాను సెప్పను,” అంది.

చెప్పలేదు. కత్తిని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. మళ్ళీ ఒక్క గొడుగూ ముట్టలేదు. ఇరుగుపొరుగువాళ్ళు వదిన చేతి మంచినీళ్ళు కూడా వద్దంటుంటే, నేను మెట్ల మీద నిలబడి అందర్నీ కడిగేశాను. నిజం మాత్రం చెప్పలేదు. తిట్టడం సులువు. వాన మొదలైతే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, మరక పోయి పాలిపోయిన బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంటూ ఉండేది. అది చూస్తూ నేను అన్నం తిన్నాను. రెండేళ్ళు తిన్నాను.

కాబట్టి తెలుసుకోండి. పాలు చూడకుండా అమ్మింది నేను. మా వదిన చెయ్యి ఎవరికీ చెడు పెట్టలేదు. సంచౌంగ్ ఇంటాయనకి ఈ మాటే నేను స్వయంగా వెళ్ళి చెబుతాను. ఇంకా మిగిలిన తిట్లుంటే నావి నాకు ఇచ్చేయమంటాను. రేపు భోజనానికి రండి. ఆవిడ గిన్నెల్లోనే వండుతాను. ఆవిడ పద్ధతిలో, ఈ పొద్దే వండి ముందు నేను తిన్నాను. రేపు పొద్దున్న నన్ను చూసి మరీ రండి.

ముద్ర వేయడానికి మనవరాలు నా బొటనవేలికి సిరా పూసింది. కడుక్కోమని గిన్నెతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. రేపు అందరూ తిని లేచేదాకా ఈ వేలికి నీళ్ళు తగలనివ్వను.

గురుగుబిల్లి పైడమ్మ, వేలిముద్ర

సాక్షులు: డా ఖిన్, పక్కిల్లు
బోణంగి అప్పలరాజు, కోవెల వంటమనిషి