పేరు పెట్టని చుక్క

మా తమ్ముడు ఎమ్మిగనూరు బడిలో అయ్యవారు. పేపరులో చదివింది నలుగురికీ చెప్పందే వాడికి అన్నం సయించదు. యాభైల నాటి ఒక ఎండాకాలం ఆదోనిలో మా ఇంటికొచ్చి, అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే చిన్న గ్రహమొకటి కొత్తగా కనిపెట్టారని మొదలుపెట్టాడు. ఫోటోలో చుక్కలన్నీ ఉన్నచోటే ఉంటే ఇదొక్కటే పక్కకు జరిగిందట. కనిపెట్టినవాళ్లకే పేరు పెట్టే హక్కట. కానీ వెంటనే కాదు. ముందు ఒట్టి అంకె వేస్తారట, దాని దారి తేలి మళ్లీ మళ్లీ కంటబడ్డాకే పేరట.

ఈలోగా కనబడకుండా పోతేనో అని అడిగాను.

"పేరు లేకుండానే పోతాదక్కా" అని, నా ఒడిలోకి చూసి నాలుక కరుచుకున్నాడు.

ఒడిలో నెలల పిల్ల. దానికీ పేరు లేదు. అంతకు ముందు ఇద్దరికి ముచ్చటగా పేర్లు పెట్టుకున్నాం, ఏడాది తిరక్కుండానే ఇద్దరూ పోయారు. పేరు పెట్టి పిలిస్తే ఆ పిలుపు చావుకు కూడా వినబడుతుందని మా అత్త నమ్మకం. ఏడాది నిండందే పేరు మాట ఎత్తొద్దంది. ఇంటిల్లిపాదీ పిల్లను 'ఏమే' అనేవాళ్లం. పత్తి జిన్నింగు మిల్లుకు పనికి పోతూ మా ఆయన కూడా అంతే. మేకపిల్లకైనా పేరు పెట్టుకుంటామే అని నాకు ఒళ్లు మండేది. అయినా నోరు మూసుకున్నాను. భయం నాకు మాత్రం లేదా?

వానలు మొదలవగానే పిల్లకు జ్వరం తగిలింది. డాక్టరు సూది వేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. ఆ మాటకు అర్థం తెలియనిదాన్ని కాను. ఆకాశంలో తిరిగే రాయికి పేరు లేకుండా పోయే గతి పడితే పట్టనీ, నా పాలు తాగిన పిల్లకెందుకు పట్టాలి? అత్తతో తెగించి చెబుదామని లేచాను. ఆమే వచ్చి పిల్ల పక్కన కూలబడింది.

"పెట్టుమ్మా. ఇంగ నేను అడ్డం రాను. పేరు లేకుంటే ఏమని పిల్చి ఏడుస్తాం?"

వంగి పిల్ల చెవిలో మా అత్త పేరే చెప్పాను. మా ఇళ్లలో కోడలు అత్త పేరు నోట పలకకూడదు. ఆ రోజంతా ఆ పేరుతోనే పిలిచాను. పిల్ల పలకలేదు. నేను పిలిచినప్పుడల్లా, ఆ పిలుపు విని వచ్చే చావు తన దగ్గరికే రావాలని, ముసలామె "ఈడనే ఉండాను" అని తాను పలికింది.

పొద్దుగూకే ముందు పిల్ల పోయింది. నేను పిలవడం ఆపేశాను. మా అత్త మాత్రం ఇంకా పలుకుతూనే ఉంది.