చిరునామాలు బయటికి తీసిన చలికాలం

మొన్న హేస్‌లో మా మేనకోడలి కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్తే, వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారాలు పౌరోహిత్యం చేసే ఒకాయన, మనమంతా కృష్ణా గోదావరుల మధ్య కూర్చున్నట్టే సంకల్పం గడగడా చెప్పేసి, అందరూ నవ్వాక నాలుక కరుచుకుని థేమ్స్ ఒడ్డుకి మార్చుకున్నాడు. ఊరిని మంత్రంలో కలిపి బట్టీపడితే అంతే మరి.

స్టీవెనేజ్‌లో నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. పాతికేళ్లు దాటాక అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి నేను, అప్పటిదాకా అన్నీ జ్ఞాపకంలోనే. మా ఆవిడకి నర్సు ఉద్యోగం వస్తే తన వెంట ఈ దేశం వచ్చి, సాయంత్రం క్లాసుల్లో కంప్యూటర్ నేర్చుకుని, ఒక ఇంజనీరింగ్ కంపెనీ సర్వర్ గదిలో కాంట్రాక్టు మీద చేరాను. సర్వర్‌ని సిద్ధం చేసే స్క్రిప్టులో, అంటే కంప్యూటరుకి రాసిచ్చే ఆదేశాల వరుసలో, చేయాల్సిన పనుల మధ్యనే దాని పేరూ అడ్రసూ కూడా రాసేసేవారు అప్పట్లో. సర్వర్ మారితే ప్రతి స్క్రిప్టూ గాలించాలి. ఏది ఎక్కడుందో నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుండేది, అందుకే నన్ను ఉంచుకున్నారు.

ఆ చలికాలం మాపై అధికారిగా ఒక కడపావిడ వచ్చింది.

"ఏందన్నా ఇది, అద్దెకున్నోళ్లు మారినప్పుడల్లా ఇల్లు పడగొట్టి కడతారా? అడ్రసులన్నీ తీసి ఒక ఫైల్లో పెట్టు. స్క్రిప్టే పోయి చదువుకుంటాది."

"అన్నీ ఫైల్లోనే ఉంటే ఇంక నేనెందుకమ్మా?"

వసంతంలో నా కాంట్రాక్టు పొడిగించాలి. అయినా ఆ పని చేయగలిగింది నేనొక్కణ్ణే గనక, ఒక్కో స్క్రిప్టూ తెరిచి ఒక్కో అడ్రసూ నా చేత్తోనే బయటికి తీశాను. తరవాత కంపెనీ సర్వర్లన్నిటినీ పక్క బిల్డింగుకి మార్చినప్పుడు, ఆ ఒక్క ఫైలూ దిద్దుకుని మధ్యాహ్నం భోజనాలవేళకి ముగించేశారు, నన్నెవరూ పిలవలేదు.

"శానా బాగా చేసినావన్నా," అంది ఆవిడ, కాంట్రాక్టు సంగతి చెప్పడానికి తనే వచ్చి. "ఇంక చేసేదానికేం మిగల్లే."

ఆవిడ చేసింది సరైన పనే, ఇప్పటికీ అదే అంటాను. నేను విమానాశ్రయం పక్కన గోడౌన్‌లో చేరి, అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు మా అల్లుడు ఫైల్లో ఒక్క మాట మార్చి, ఏ దేశంలోనో తనే ఎరగని చోట సర్వర్లు లేపుతాడు. మంచిదే. కాకపోతే అప్పట్లో ఒక అడ్రసు కావాలంటే మనిషి లేచి ఇంకో మనిషి బల్ల దాకా నడిచొచ్చి, టీ తాగుతావా అని అడిగి, ఆ తరవాతే సంగతి ఎత్తేవాడు.