ఉడుము మింగిన గుడ్డు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, మండు వేసవి. బద్వేలులో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను స్టాఫ్ నర్సుని. మధ్యాహ్నం ఆటోలో ఓబులేసు అనే రైతును తెచ్చారు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత. చూడగానే పురుగుల మందని తెలిసిపోయింది. మా వైపు ఇలాంటి కేసులు కొత్త కాదు. గొట్టం వేసి కడుపు కడిగాం, దాన్నే స్టమక్ వాష్ అంటాం. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం మొదలుపెట్టాం.

బయట అతని తల్లి నాగమ్మ కోడలి జుట్టు పట్టుకుంది.

"ఏమంటివే నా కొడుకును? మందు తాగేంత మాట ఏమంటివి?"

"నేనేమీ అనలేదత్తా! పొద్దున నవ్వుకుంటానే పోయినాడు," అని కోడలు లక్ష్మి ఏడ్చింది. ఒక్కరూ నమ్మలేదు. విషం కేసు ఎం.ఎల్.సి., అంటే పోలీసులకు తెలపాల్సిందే. కానిస్టేబుల్ వస్తే నాగమ్మ అతనికీ కోడలి పేరే చెప్పింది. లక్ష్మి పుట్టింటివాళ్లు కూడా ఆ పిల్లనే తిట్టారు. నాకు ఒళ్లు మండింది గానీ, చేతినిండా పని.

మర్నాడు ఓబులేసుకు తెలివొచ్చింది. వాంగ్మూలం కోసం కానిస్టేబుల్ మళ్లీ వచ్చాడు. "ఎందుకు తాగినావప్పా?" అని నేనే అడిగాను.

"నేను మందు తాగలేదక్కా. దోస్తులతో కలిసి ఉడుమును కోసినాం. దాన్ని చంపితే ఫారెస్టోళ్లు లోపలేస్తారని వాళ్లు చెప్పకుండా ఉరికినట్టుండారు."

"ఉడుము కూర తింటే ఇట్లవుతుందా?"

"కూర ఉడకనే లేదు. దాని కడుపులో కోడిగుడ్డు, చిట్లకుండా అట్లే ఉండాది. ఉడుము మింగిన గుడ్డు నడుముకు శానా బలమంటారు. పచ్చిగానే తాగేసినా. బ్రాందీ మింద ఉంటి, వాసన తెలీలే."

ఉడుము గుడ్డును నమలదు, గుటుక్కున మింగేస్తుంది. పెంకు పగలకపోతే లోపలిది అలాగే ఉంటుంది. కానీ గుడ్డులోకి విషం ఎలా వచ్చింది?

వెనక ధబ్బున చప్పుడైంది. నాగమ్మ కూలబడింది.

"అయ్యో, అది నేను పెట్టిన గుడ్డే! కుక్కలు కోడిపిల్లల్ని ఎత్తకపోతాండాయని గుడ్డులో మందు నింపి, మైనం పూసి, గడ్డివామి కాడ పెడితి. పొద్దున లేకపోతే కుక్క తినిందిలే అనుకుంటి!"

ఓబులేసు బతికాడు కాబట్టి సరిపోయింది. పోయుంటే లక్ష్మి బతుకంతా మొగుణ్ని చంపుకున్నదానిగానే మిగిలేది. అప్పటినుంచి విషం కేసు వస్తే "ఎందుకు తాగాడు" అని ఎవరినీ అననివ్వను. ముందు ఏం తిన్నాడో కనుక్కోమంటాను.

లక్ష్మి అత్తను లేపలేదు. తిన్నగా కానిస్టేబుల్ దగ్గరికి నడిచింది.

"సార్, నిన్న రాసుకుంటిరే, నా పేరు. అది కొట్టేయండి. అందరూ చూస్తాండగానే కొట్టేయండి."