కంచాన్ని తోసే చెయ్యి

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడిపోయింది. మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాం. కర్నూలు దాటాక నందికొట్కూరు రోడ్డు పక్కనుంది ఈ వృద్ధుల నివాసం. కడపలో ఉన్న కూతురు తన ఇంటికి రమ్మని పోరు పెట్టింది. నేనే ఒప్పుకోలేదు. నా మోకాళ్ళతో ఆయన్ను లేపి కూర్చోబెట్టలేను, అల్లుడి చేత ఒళ్ళు తుడిపించలేను. పరాయివాళ్ళయితే తిట్టడానికి మొహమాటం ఉండదనుకున్నాను.

తీరా వచ్చాక తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన్ను చూసుకునే అమ్మాయిది ఆలూరు వైపు పల్లె. ముప్పై ఏళ్ళుంటాయేమో. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఆయన్ను పక్కకు తిప్పేది. తిప్పేముందు ప్రతిసారీ, తండ్రిని పిలిచినట్టు, "అప్పా, ఇప్పుడు ఎడంపక్కకు తిప్పుతాండా, బయపడొద్దు" అనేది. జవాబు రాదని తెలిసీ ఒక్క క్షణం ఆగేది. డెబ్బై దాటిన నేను, ఒక మనిషిని ఇంత మర్యాదగా ముట్టుకోవడం అప్పుడే చూశాను.

చిక్కంతా తిండి దగ్గరే వచ్చింది. ఆసుపత్రిలో ముక్కులో గొట్టం వేసి పాలు, జావ పోసేవాళ్ళు. ఆయన దాన్ని పీకి పారేశాడు. ముక్కు వెంట నెత్తురు కారింది. మళ్ళీ పీకకుండా ఎడమచేతిని మంచానికి కట్టేశారు. ఆయన చెప్పినట్టు వినేది ఇక ఆ ఒక్క చెయ్యే. దాన్నీ కట్టేస్తే ఆయన నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను.

ఇక్కడి డాక్టరు గొంతు పరీక్షించి, మింగగలడు, మెత్తగా పెట్టండి అన్నాడు. గొట్టం తీసేశారు. కానీ కంచం రాగానే ఆయన నోరు బిగించేవాడు. ఎడమచేత్తో కంచాన్ని తోసేసేవాడు. పొద్దున కాసిని పాలు, అంతే. మూడోరోజు డాక్టరు, "ఇంకో రెండు రోజులు చూద్దాం, తినకపోతే గొట్టం తప్పదు" అన్నాడు. అంటే చెయ్యి మళ్ళీ కట్టేస్తారన్నమాట.

నేను వంటగది మీద పడ్డాను. "రోగికి పెట్టినట్టు పెడితే ఎవరు తింటారు?" అని వంటాయన్ను దులిపేశాను. పాపం, అతను రాగిసంగటి జారుగా కెలికి, పలచగా పప్పు చేసి ఇచ్చాడు. మా ఆయన వాసన చూశాడు, గుటక వేశాడు, కంచం తోసేశాడు. ఆకలి ఉంది మరి! నాకు ఒళ్ళు మండింది. "ఎవరి మీద ఈ అలక?" అని అరిచాను.

పక్కనే నిలబడి ఉన్న ఆ అమ్మాయి నెమ్మదిగా అంది: "పెద్దమ్మా, అప్ప కంచం యాడికి తోస్తాండాడో చూసినావా? గోడపక్కకు కాదు, నీ పక్కకు కాదు. నా పక్కకు."

నాకు అర్థం కాలేదు.

"సిన్నప్పుడు మాయమ్మతో పత్తి తీసేకి పోతాంటి. కూలోళ్ళందరూ తినేదాకా ఆ చేను పెద్దాయన ముద్ద ముట్టేటోడు కాదు. ఎంత ఆకలైనా గట్టు మింద కూసోని ఉండేటోడు. అప్ప కూడా సేద్యం చేపిచ్చినోడని నువ్వే చెప్తివి కదా, అదే అలవాటేమో. నేను పనిమనిషిని, తినకుండా ఎదురుగ్గా నిలబడి ఉండా. ఎట్ల తింటాడు?"

మా ఇంటి ఆడవాళ్ళు మధ్యాహ్నం చేనికి పోయేవాళ్ళు కాదు. కూలివాళ్ళ సంగటి, ఆయన క్యారియరు నా వంటింట్లోంచే వెళ్ళేవి. అక్కడ ఎవరు ముందు తింటారో నేనెప్పుడూ అడగలేదు. నా మొగుడి సంగతి, మా చేను కంటితో చూడని పిల్ల చెప్పింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆ పిల్లంటే గౌరవం కలిగింది.

అయితే ఇక్కడో నియమం ఉంది. పనిచేసేవాళ్ళు మా అందరి భోజనాలయ్యాక, రెండు గంటలకు వంటగది వెనక తినాలి. గదుల్లో తినకూడదు. మేనేజరమ్మ ఒకప్పటి నర్సు, నియమాల విషయంలో మహా గట్టి మనిషి. నేను కొట్లాటకు సిద్ధమై ఆమె దగ్గరికి పోయాను. ఆమె అంతా విని, "నియమం పెట్టుకున్నది ఆయన కోసమే కదమ్మా" అంది. ఇంకో కంచం తెప్పించింది.

ఆ అమ్మాయి స్టూలు లాక్కుని ఆయనకు కనబడేట్టు కూర్చుంది. సంగటి, పప్పు నింపాదిగా తిని, ఖాళీ కంచం చూపించింది. "అప్పా, నేను తింటి. ఇంగ నువ్వు తిను."

ఆయన నోరు తెరిచాడు. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

డాక్టరు గొట్టం మాట ఎత్తడం మానేశాడు. మేనేజరమ్మ అంతటితో ఆగలేదు. తినిపించేవాళ్ళంతా ముందు తినేట్టు వేళ మార్చేసింది. కడుపు నిండినవాళ్ళయితే ముసలివాళ్ళను తొందర పెట్టరట.

పది రోజులు పోయాక ఒక మధ్యాహ్నం, ఆ అమ్మాయి తిన్నాక, మొదటిసారి చెంచా నేను పట్టుకున్నాను. ఆయన నోరు తెరవలేదు. కంచం తోశాడు. ఈసారి నా వైపుకు.

"పెద్దమ్మా, నువ్వింకా తినల్యా కదా!" అని ఆ అమ్మాయి నవ్వింది.

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన తిని చెయ్యి కడిగాకే నేను కూర్చున్నాను. నాకు కూర మిగిలిందో లేదో ఒక్కనాడూ అడగలేదు ఈ మనిషి. చేన్లో కూలివాళ్ళకు దక్కిన మర్యాద ఇంట్లో పెళ్ళానికి దక్కడానికి పక్షవాతం రావాల్సి వచ్చింది! ముందు కోపం ముంచుకొచ్చింది. ఆ తర్వాత కళ్ళు నిండాయి.

స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఏమాత్రం తొందరపడకుండా, మజ్జిగన్నం దాకా తిన్నాను. ఆయన ఆకలితో కాచుకుని కూర్చున్నాడు.